కాగితం రాసుకుంటే హలాల్ అయిపోతుందా?

జుమా నమాజు అయ్యాక మస్జిదు వరండాలో ఒక కుర్రవాడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాడు. సెల్ ఫోనులో ఒక హదీసు తెరిచి నా చేతికిచ్చాడు.

"మౌలానా సాబ్, మా హాస్టల్లో ఒకతను నన్ను నిలదీశాడు. మీ ప్రవక్త గారి పేరుతో బానిసను అమ్మిన దస్తావేజు ఉందట కదా అన్నాడు. అలాంటిదేమీ ఉండదని గట్టిగా చెప్పేశాను. ఇంటికొచ్చి వెతికితే ఉంది. ఇప్పుడతనికి ఏం చెప్పమంటారు?"

"ముందు అతని దగ్గరికి వెళ్ళి, నేను లేదన్నది పొరపాటు, ఉంది అని చెప్పు" అన్నాను. మన గ్రంథాల్లో ఉన్నదాన్ని లేదని చెప్పి ధర్మాన్ని కాపాడాలనుకోవడం ధర్మం మీద మనకున్న అపనమ్మకమే. ఆ తరువాతి జవాబు వరండాలో అయిదు నిమిషాల్లో తెమిలేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ హదీసు ఇది. హజ్రత్ అద్దా బిన్ ఖాలిద్ (రజి) అనే సహాబీ తన దగ్గరున్న ఒక పత్రాన్ని మరొకరికి చదివి వినిపించారు. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) వద్ద తాను ఒక బానిసను కొన్నట్లు, ఆ బానిసలో దాచిపెట్టిన జబ్బు గాని, దుర్గుణం గాని, 'ఖిబ్‌సా' గాని లేదని, ఇది ఒక ముస్లిం మరొక ముస్లింకు చేసే అమ్మకమని అందులో ఉంది. తిర్మిజీలోను, ఇబ్నె మాజాలోను ఈ ఉల్లేఖనం కనిపిస్తుంది. బుఖారీలో అమ్మినవారి పేరు, కొన్నవారి పేరు తారుమారుగా వచ్చాయి. ఆ బానిస పురుషుడా, స్త్రీయా అన్నది ఉల్లేఖించినవారికే సందేహం.

ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు మనం సాధారణంగా చెప్పే జవాబు ఒకటుంది. ఆనాడు రోములో, పర్షియాలో, మన దేశంలో, అరేబియాలో ఎక్కడ చూసినా బానిసత్వం ఉంది. ఇస్లాం దాన్ని ఒక్కసారిగా తుంచెయ్యలేదు, లోపలికి వచ్చే ద్వారాలు మూసి బయటికి పోయే ద్వారాలు తెరిచింది. ఈ జవాబు తప్పు కాదు. కాని ఇది సగం జవాబు. మిగతా సగం ఆ పత్రంలోనే, 'ఖిబ్‌సా' అనే మాటలో ఉంది. దానికి హదీసు వ్యాఖ్యాతలు చెప్పిన అర్థాల్లో ఒకటి ఇలా ఉంటుంది: ఈ మనిషి అక్రమంగా పట్టుబడినవాడు కాడు, ఒప్పందంలో ఉన్న జాతి నుంచి ఎత్తుకొచ్చినవాడు కాడు, ఇతని మూలంలో హరామ్ లేదు. అంటే అమ్మేవాడు తన హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో పూచీ పడాలి. నా దగ్గర ఉన్నాడు కనుక నావాడే అంటే చెల్లదు.

ఇక్కడే అసలు ప్రశ్న మొదలవుతుంది. దస్తావేజు హక్కును పుట్టిస్తుందా, లేక అంతకు ముందే ఉన్న హక్కుకు సాక్ష్యం మాత్రమే చెబుతుందా?

రాయడం పట్ల ఇస్లాంకు ఎంత గౌరవమో మీకు తెలుసు. దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు అప్పు పత్రం గురించే. సూరె బఖరా 282వ ఆయతులో అప్పు చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాసుకోమని, రాసేవాడు న్యాయంగా రాయాలని, అప్పు తీసుకున్నవాడే చెప్పి రాయించాలని, అతను అశక్తుడైతే అతని సంరక్షకుడు చెప్పాలని, సాక్షులను పెట్టుకోమని అల్లాహ్ ఆజ్ఞాపించాడు. ఎవరు చెప్పి రాయించాలన్న విషయాన్ని గమనించారా? కలం బలవంతుడి పక్షాన ఉండకూడదన్న ఏర్పాటు అది. మన ఊళ్ళల్లో ప్రోనోటు రాసే తీరు దీనికి పూర్తిగా తలకిందులు. ఇచ్చేవాడు చెబుతాడు, రైటరు రాస్తాడు, తీసుకునేవాడు వేలిముద్ర వేస్తాడు.

ఇంత చక్కగా రాసినా, అమ్మిన వస్తువు అమ్మదగింది కాకపోతే ఆ పత్రం విలువ ఎంత? దీనికి దైవప్రవక్త (స) ఇచ్చిన జవాబులో సందేహానికి తావు లేదు. ప్రళయ దినాన ముగ్గురు మనుషులకు ప్రతివాదిగా తానే నిలబడతానని అల్లాహ్ చెప్పినట్లు హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖన బుఖారీలో ఉంది. అల్లాహ్ పేరుతో మాట ఇచ్చి తప్పినవాడు ఒకడు. స్వతంత్రుడైన మనిషిని అమ్మి ఆ సొమ్ము తిన్నవాడు ఇంకొకడు. కూలివాడి చేత పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివాడు మూడోవాడు. ఈ ముగ్గురినీ ఒకే వరుసలో నిలబెట్టడంలోని ఔచిత్యం తరువాత చూద్దాం.

మన ప్రాంతపు ముస్లింలలో అత్యధికులు అనుసరించే హనఫీ ఫిఖ్హ్‌లో 'హిదాయా' ప్రసిద్ధ గ్రంథం. మొదటి నుంచే చెల్లని అమ్మకాలు ఏవని చెబుతూ అందులో చచ్చిన జంతువును, రక్తాన్ని, స్వతంత్రుడైన మనిషిని ఒకే చోట పేర్కొన్నారు. ఆ బేరం మధ్యలో చెడిపోదు, అసలు పుట్టనే పుట్టదు. అమ్మింది కన్నతండ్రే అయినా, తన్ను తానే అమ్ముకున్నా ఫలితం అదే. మనిషికి తన స్వాతంత్ర్యం అల్లాహ్ ఇచ్చిన అమానతు, అమ్ముకునే ఆస్తి కాదు.

ఇదంతా ఎక్కడో అరేబియా సంగతి అనుకోకండి. తిరుపతి నుంచి తడ మీదుగా వెళితే మూడు నాలుగు గంటల దారిలో పులికాట్ ఊరుంది. సరస్సులో పెద్ద భాగం మన వైపు, ఊరు మాత్రం తమిళనాడు తిరువళ్ళూరు జిల్లాలో. అక్కడి పాత డచ్చి సమాధులు చూడడానికి జనం వెళుతుంటారు. 1613లో డచ్చివారు అక్కడ గెల్డ్రియా కోట కట్టారు. కలంకారీ బట్టల వ్యాపారం గురించి పుస్తకాల్లో చదువుకున్నాం. బట్టలతో పాటు ఆ రేవు నుంచి మనుషులు కూడా ఓడలెక్కారు.

1622, 1623 సంవత్సరాల కరువులో పులికాట్, దేవనాంపట్నం వంటి రేవుల నుంచి దాదాపు 1,900 మందిని బానిసలుగా కొని పంపారు. చేతిలో డబ్బు ఉంటే ఇంకో 2,000 మందిని కొనగలిగేవాళ్ళమని కంపెనీ ఉద్యోగులు విచారం వెలిబుచ్చారు. 1646లో ఈ కోరమండల్ తీరం నుంచి 2,118 మంది బటావియాకు, అంటే నేటి జకార్తాకు వెళ్ళారు. 1659 నుంచి 1661 వరకు మళ్ళీ కరువు, మళ్ళీ ఓడలు. చంద్రగిరి రాజ్యం అంతర్యుద్ధాలతో, దండయాత్రలతో చితికిపోతున్న రోజులవి. వాన లేని ఏడాది ధాన్యం ధర పెరుగుతుంది, మనిషి ధర తగ్గుతుంది. కొనేవాడికి తెలిసిన లెక్క అంతే.

మద్రాసులోనూ ఇదే జరిగింది. 1680ల కరువు కాలంలో సెయింట్ జార్జి కోటలోని ఇంగ్లీషువారు ఎగుమతి అయ్యే ఒక్కో బానిసకు ఒక వరహా సుంకం పెట్టారు. చౌల్ట్రీ అనే కచేరీలో వారి పేర నమోదు జరిగేది, నమోదుకు ఇంత రుసుము అని నిర్ణయం ఉండేది. గోల్కొండ మొగలుల వశమయ్యాక, మొగలు అధికారుల ఫిర్యాదుల మీద 1688లో ఈ ఎగుమతిని నిషేధించారు. ఈ ఒక్క మాట పట్టుకుని మనం రొమ్ము విరుచుకోకూడదు, ఎందుకో కిందట చెబుతాను.

ఓడలెక్కిన వారిలో కొందరు ఆఫ్రికా దక్షిణ కొసన కేప్‌టౌన్ చేరారు. అక్కడి డచ్చివారు భూమి అమ్మకాలకు రాసినంత శ్రద్ధగా మనుషుల అమ్మకాలకు పత్రాలు రాశారు. ఆనా బ్యోసెకెన్ అనే చరిత్రకారిణి 1658 నుంచి 1700 వరకు కేప్‌లోని బానిసల మీద రాసిన పుస్తకం 1977లో వచ్చింది. ఆ పత్రాల సారాంశాలు అందులో వరుసగా ఉన్నాయి. అమ్మినవాడి పేరు, కొన్నవాడి పేరు, ధర, సుమారు వయసు ఉంటాయి. అమ్ముడైన మనిషికి అమ్మానాన్నలు పెట్టిన పేరు చాలామటుకు పోయింది. యజమాని పెట్టిన ఏదో ఒక పేరు, దాని వెనుక 'వాన్ బెంగాలెన్', 'వాన్ కోరమండల్' అనే ఊరి గుర్తు. తండ్రి పేరు ఉండాల్సిన చోట తీరం పేరు.

అదే ఊళ్ళో ఇంకో దస్తావేజు కూడా ఉంది. సింహళం నుంచి బానిసగా వచ్చి స్వేచ్ఛ పొందిన కోరిడాన్ వాన్ సెయిలాన్ అనే ముస్లిం 1794లో డోర్ప్ వీధిలో ఇల్లు కొన్నాడు. ఆ స్థలంలోనే దక్షిణాఫ్రికాలో మొదటిదిగా చెప్పుకునే అవ్వల్ మస్జిదు వెలిసింది. దాని మొదటి ఇమాము తువాన్ గురు, డచ్చివారు తిడోర్ ద్వీపం నుంచి పట్టి తెచ్చి రాబెన్ ద్వీపంలో ఖైదు చేసిన పండితుడు, జ్ఞాపకం మీద ఖుర్ఆన్ ప్రతి రాసిన మహానుభావుడు. ఆ ఇల్లు కోరిడాన్ కుమార్తె సార్టీ చేతికి వచ్చి, ఆమె ద్వారా మస్జిదుకు దక్కింది. ఒకప్పుడు పత్రంలో సరుకుగా ఉన్న వర్గం మనిషి అదే ఊరి పత్రాల్లో కొనుగోలుదారుగా సంతకానికి వచ్చాడు.

కరువులో కడుపు చేతబట్టుకుని తల్లిదండ్రులే బిడ్డను అమ్ముకుంటే, కొన్నవాడిది పుణ్యమే కదా, వాడు కొనకపోతే ఆ బిడ్డ చచ్చిపోయేది కదా అని వాదించేవారు అప్పుడూ ఉన్నారు. దీని మీద మన దేశపు ముఫ్తీలనే అడిగిన సందర్భం ఒకటుంది. 1808లో బుందేల్‌ఖండ్ న్యాయాధికారి రిచర్డ్‌సన్ ఈ విషయం లేవనెత్తగా కలకత్తాలోని నిజామత్ అదాలత్ తన ముఫ్తీల అభిప్రాయం కోరింది. మనుషులందరూ మూలంలో స్వతంత్రులేనని, ధర్మబద్ధమైన యుద్ధంలో పట్టుబడినవారు, వారి సంతతి తప్ప వేరెవ్వరూ బానిసలు కారని, కరువులో తల్లిదండ్రులు చేసిన అమ్మకం చెల్లదని వారు జవాబు చెప్పారు. ఆ లెక్కన ఈ దేశంలో బానిసలుగా బతుకుతున్న వారిలో అత్యధికుల మీద ఎవరికీ హక్కు లేనట్టే. ఆకలి తీర్చడం పుణ్యమే. ఆ తీర్చినదానికి మనిషినే ధరగా తీసుకోవడం ఏ పుణ్యం లెక్కలోకీ రాదు.

ఆ తరువాత 1843 సంవత్సరపు అయిదో చట్టంతో, ఫలానా మనిషి నా ఆస్తి అంటూ వచ్చే దావాలను కంపెనీ కోర్టులు అంగీకరించడం ఆగిపోయింది. ఇళ్ళల్లో పెట్టెల్లో దాచుకున్న పత్రాలు ఒక్కసారిగా చిత్తు కాగితాలయ్యాయి. 1860 శిక్షాస్మృతిలో బానిసను కొనడం, అమ్మడం నేరమైంది.

సరే, ముఫ్తీలు అంత స్పష్టంగా చెబితే మనవాళ్ళు ఆచరించారా? ఇక్కడే మనం తల దించుకోవాలి. 1640లలో బీజాపూర్ సేనలు తంజావూరు ప్రాంతాన్ని ధ్వంసం చేసినప్పుడు లక్షన్నర మందికి పైగా జనాన్ని బీజాపూరుకు, గోల్కొండకు పట్టుకుపోయారని ఆనాటి రికార్డులు చెబుతున్నాయి. కొన్నేళ్ళకే చంద్రగిరి, తిరుపతి ప్రాంతం కూడా మీర్ జుమ్లా నాయకత్వంలోని గోల్కొండ సేనల వశమైంది. నవాబుల దేవిడీల్లో బాందీలు, గులాములు ఉన్నారు. డచ్చివాడు చేస్తే దోపిడీ, మనవాడు చేస్తే ఫతహ్ అనడం న్యాయం కాదు. కలిమా చదివిన చేత్తో రాసినంత మాత్రాన ఆ పత్రం పవిత్రం కాదు.

ఈ మాట చెప్పిన ఉలమా మనలో లేకపోలేదు. టింబక్టూ పండితుడు అహ్మద్ బాబా స్వయంగా బంధించబడి మొరాకోకు తరలించబడినవారు. 1615 ప్రాంతంలో ఆయన రాసిన ఫత్వాలో మనిషికి మూలస్థితి స్వాతంత్ర్యమేనని, నల్లగా ఉన్నంత మాత్రాన ఎవరూ బానిస కారని, ఆ మనిషి మూలం తెలియకుండా కొనడం తగదని వివరించారు. 1846లో ట్యునీషియా పాలకుడు అహ్మద్ బే హనఫీ, మాలికీ పండితుల ఆమోదంతో బానిసత్వాన్ని రద్దు చేశారు. అమ్ముడవుతున్న వారి మూలం సందేహాస్పదమన్నది ఆయన చూపిన కారణాల్లో ఒకటి. విడుదల కోరి వచ్చిన ప్రతి బానిసకూ స్వేచ్ఛాపత్రం రాసివ్వడానికి కొన్ని జావియాల్లో రాతగాళ్ళను కూడా నియమించారు.

స్వేచ్ఛాపత్రం అన్నాను కదా. నా దృష్టిలో ఈ మొత్తం చర్చకు కీలకం అదే. అప్పు రాసుకోమన్న ఖుర్ఆన్ బానిసను కొన్నప్పుడు ఫలానా రీతిలో పత్రం రాసుకోమని ప్రత్యేకంగా ఎక్కడా చెప్పలేదు. బానిస విషయంలో కాగితం రాయమని ఒకే ఒక చోట ఆజ్ఞాపించింది. సూరె నూర్ 33వ ఆయతులో, మీ దగ్గరున్నవారు విముక్తి ఒప్పందం రాయమని కోరితే, వారిలో మంచితనం కనిపిస్తే రాసివ్వండి, అల్లాహ్ మీకిచ్చిన ధనంలోంచి వారికి సాయం కూడా చేయండి అని ఉంది. దీన్నే ముకాతబా అంటారు. 'కితాబ్' అనే మాటకు మూలమైన ధాతువు నుంచే వచ్చిన మాట. అప్పటిదాకా ఎవరో ఎవరితోనో రాసుకునే పత్రంలో వస్తువుగా ఉన్న మనిషి, ఈ పత్రంలో ఒక పక్షంగా నిలబడతాడు. బేరమాడతాడు, గడువు అడుగుతాడు, మాట ఇస్తాడు.

హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) గాథ మీ పిల్లలకు చెప్పే ఉంటారు. సత్యాన్వేషణలో ఇల్లు వదిలిన స్వతంత్రుడు. తన పశువులను ఇచ్చి అరేబియాకు తీసుకుపొమ్మని నమ్మిన బిడారు మనుషులే ఆయన్ను దారిలో అమ్మేశారు. ఆ తరువాత చేతులు మారి మదీనా చేరారు. దైవప్రవక్త (స) ఆయన్ను ముకాతబా రాయించుకోమన్నారు. 300 ఖర్జూరపు మొక్కలు నాటాలి, 40 ఊఖియాల బంగారం ఇవ్వాలి. తలా కొన్ని మొక్కలు ఇచ్చి మీ సోదరుడికి సాయం చేయండని సహాబాకు చెప్పారు. గుంతలు తవ్వాక ఆ పవిత్ర హస్తాలతోనే మొక్కలు నాటారు. సల్మాన్ (రజి)ను అమ్మిన అమ్మకం అన్యాయమని ఆయనకు తెలియదా? తెలుసు. వాదనతో కాలం గడపకుండా ముందు మనిషిని బయటికి తెచ్చారు.

ఇంకొక ఉదంతం హజ్రత్ బరీరా (రజి.అన్హా)ది. తొమ్మిది ఊఖియాలు, ఏడాదికి ఒకటి చొప్పున చెల్లించేటట్లు ఆమె యజమానులతో ముకాతబా రాయించుకుంది. సాయం కోరి హజ్రత్ ఆయిషా (రజి.అన్హా) దగ్గరికి వచ్చింది. మొత్తం ఒకేసారి ఇచ్చి విడిపిస్తానని ఆమె అన్నారు. యజమానులు డబ్బుకు సరేనన్నారు గాని విముక్తి తరువాత కూడా వలా, అంటే ఆమెతో వారసత్వ బంధం, తమకే ఉండాలని షరతు పెట్టారు. దైవప్రవక్త (స) మింబరు మీద నిలబడి, అల్లాహ్ గ్రంథంలో లేని షరతు ఏదైనా చెల్లదని, అలాంటివి వంద షరతులు రాసుకున్నా చెల్లవని ప్రకటించారు. ఇరుపక్షాలు ఒప్పుకున్నాయి, సాక్షులున్నారు, రాత ఉంది. అయినా చెల్లదు.

మన దేశంలో 1976లో వచ్చిన వెట్టిచాకిరీ రద్దు చట్టం కూడా ఇంచుమించు ఇదే బాటలో నడిచింది. వెట్టికి కట్టుబడి ఉంటానని రాసిచ్చిన ఏ ఒప్పందమైనా, ఏ పత్రమైనా, ఏ ఆచారమైనా చెల్లదని అది చెబుతుంది.

చట్టం వచ్చి అర్ధ శతాబ్దం. 2025 మే నెలలో మన సత్యవేడు ప్రాంతంలో జరిగినదాన్ని మీరు పత్రికల్లో చదివే ఉంటారు. ఒక యానాది కుటుంబం బాతులు మేపే యజమాని దగ్గర 25,000 రూపాయలు అప్పు తీసుకుని పనిలో చేరింది. భర్త చనిపోయాడు. భార్య వెళ్ళిపోతానంటే 45,000 కట్టి వెళ్ళమన్నారు. డబ్బు తెచ్చేదాకా పూచీగా తొమ్మిదేళ్ళ కొడుకును వదిలి వెళ్ళమన్నారు. ఆ తల్లి డబ్బు పోగుచేసుకుని వచ్చేసరికి బిడ్డ లేడు. చనిపోయిన ఆ పిల్లవాణ్ణి ఆమెకు చెప్పకుండానే కాంచీపురం దగ్గర పూడ్చిపెట్టారు. కేసు పెట్టి అరెస్టులు చేశారు.

అప్పు ఆయతు పక్కనే, సూరె బఖరా 283లో, ప్రయాణంలో రాసేవాడు దొరకకపోతే తాకట్టు వస్తువు చేతికి తీసుకోవచ్చని ఉంది. తాకట్టుకు వస్తువు పెడతారు. బిడ్డను పెట్టించుకున్నవాడు ఏ ఆయతును చదివినట్టు? ఆ అప్పు ఆ ఏడాది తులం బంగారం ధరలో మూడో వంతు కూడా లేదు. మన జకాతు వ్యయానికి సూరె తౌబా 60వ ఆయతు చూపిన ఎనిమిది పద్దుల్లో మెడలు విడిపించడం ఒకటి, అప్పుల్లో చిక్కుకున్నవారికి ఇవ్వడం ఒకటి. రంజాన్‌లో మన బైతుల్‌మాల్‌లు సేమ్యా, చీరలు పంచుతాయి, మంచిదే. ఇటుక బట్టీల్లో, చెరుకు తోటల్లో అడ్వాన్సు కింద ఇరుక్కున్న ఒక్క కుటుంబం పేరు వాటి జాబితాల్లో ఉందా? కుటుంబాన్ని గుర్తించి తహసీల్దారు, ఆర్డీవో దృష్టికి తీసుకుపోతే విడుదల పత్రం ఇవ్వాల్సిన బాధ్యత వారిదే. ఆ అప్పు తీర్చనక్కర్లేదని కూడా చట్టం చెబుతోంది.

ఇక మన ఇళ్ళ మాట. పాత చిత్తూరు జిల్లాలో మదనపల్లె, పీలేరు, వాయల్పాడు వైపు, ఇటు రాయచోటి వైపు కువైట్ ముఖం చూడని వీధి లేదు. మన అక్కాచెల్లెళ్ళు ఖద్దామాలుగా వెళ్ళారు. ఏజెంటు ఏదో కాగితం మీద సంతకం పెట్టిస్తాడు, అందులో ఏముందో చదివి చెప్పడు. అక్కడ కఫీల్ పాస్‌పోర్టు తీసి బీరువాలో పెడతాడు. వెనక్కి వెళతానంటే ఏజెంటుకు నేను కట్టింది ఎవరిస్తారు అంటాడు. ఆ ప్రశ్న వినగానే సత్యవేడు గుర్తుకు రావడం లేదా? కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసి ఇంటిపనివారి పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదంది. 2019లో బీబీసీ బృందం పరిశోధించినప్పుడు ఫోను యాప్‌లలో పనిమనుషుల ఫోటోలు, ధరలు పెట్టి ఒక ఇంటి నుంచి ఇంకొక ఇంటికి 'బదిలీ' పేరుతో అమ్ముతున్నట్టు బయటపడింది. కొన్నవాడు నమాజు చదివేవాడే. అమ్మినవాడూ నమాజు చదివేవాడే.

హైదరాబాదులో అయితే ఏకంగా నికాహ్‌నామానే విక్రయపత్రంగా వాడారు. సెలవుల్లో వచ్చే గల్ఫ్ షేకులకు పేద ఇళ్ళ పిల్లలను ఖాజీ సమక్షంలో నికాహ్ చేసి, విడాకుల కాగితాల మీద ముందే సంతకాలు పెట్టించుకున్న ఉదంతాలు ఎన్నో వచ్చాయి. 2017 సెప్టెంబరులో పోలీసులు అరబ్బు దేశస్థులతో పాటు ఖాజీలను కూడా అరెస్టు చేశారు. ఖుత్బా చదివారు, మహర్ రాశారు, సాక్షులు సంతకం చేశారు. లోపం ఎక్కడుందో చెప్పండి. కాగితంలో వెతికితే దొరకదు.

ఇప్పుడు ఆ ముగ్గురి వరుసకు వద్దాం. మాట తప్పినవాడు, స్వతంత్రుణ్ణి అమ్మినవాడు, కూలి ఎగ్గొట్టినవాడు. మొదటివాడు ఒప్పందాన్ని చంపాడు. మూడోవాడు ఒక మనిషి రోజులను ఉచితంగా తిన్నాడు. రెండోవాడు ఆ మనిషి రోజులన్నీ ఒకేసారి తిన్నాడు. మధ్యలో ఉన్నవాడికి అటూ ఇటూ ఉన్నవాళ్ళు అంత దూరంలో లేరు. మన ఇంట్లో పదేళ్ళ పనిపిల్ల ఉంటే, బంధువుల పిల్లే, పెంచుకుంటున్నాం అని చెప్పుకుంటూ ఉంటే, ఆ పిల్ల బడికి పోతోందా, మన పిల్లలు తినేదే తింటోందా, దాని పేర నెలకు ఎంత జమ అవుతోంది అన్నవి మనకు మనం వేసుకోవలసిన ప్రశ్నలు. మీరు తినేదే వారికి పెట్టండి, మీరు కట్టేదే వారికి కట్టండి, శక్తికి మించిన పని చెప్పకండి అన్న ఆదేశం బానిసల గురించి వచ్చింది. స్వతంత్రురాలైన పిల్లకు అంతకన్నా తక్కువ ఎలా ఇస్తాం?

మరుసటి శుక్రవారం ఆ కుర్రవాడు మళ్ళీ వచ్చాడు. హాస్టల్లో అతనికి చెప్పానన్నాడు. ఏమన్నాడు అని అడిగాను. "ఏమీ అనలేదు మౌలానా సాబ్. కాసేపాగి, మీ బరీరా ఆ తరువాత ఏమైంది అని అడిగాడు. నాకు తెలియలేదు" అన్నాడు.

తెలుసుకోదగిన సంగతే అది. విముక్తి పొందాక, బానిసగా ఉండగా జరిగిన వివాహాన్ని నిలుపుకోవాలా వద్దా అన్న నిర్ణయం ధర్మశాస్త్రం బరీరా (రజి.అన్హా) చేతికే ఇచ్చింది. ఆమె భర్త ముగీస్‌ను వదులుకుంది. అతను మదీనా వీధుల్లో కన్నీళ్ళు గడ్డం మీద కారుతుండగా ఆమె వెనుకే తిరిగేవాడు. దైవప్రవక్త (స) చూసి జాలిపడి, అతని దగ్గరికి తిరిగి వెళితే బాగుంటుందని ఆమెతో అన్నారు. ఇది మీ ఆజ్ఞా అని ఆమె అడిగింది. కాదు, సిఫారసు మాత్రమే అన్నారు ఆయన. అయితే అతని అవసరం నాకు లేదు అని ఆమె చెప్పింది. నిన్నటిదాకా అమ్మకానికి ఉన్న స్త్రీ, అల్లాహ్ ప్రవక్త సిఫారసును కాదంది. ఆయన ఆమెను ఏమీ అనలేదు.